బొత్తాం

గ్రీన్ అంచుకి జానెడు ఇవతల
మర్డో గిలీస్ బంతి.
ఒక చెంపకే బురద.

"దారిలో ఉంది, తియ్యి" అని
ఎఫీ మెకాస్కిల్ నోటితో అనలేదు,
పటర్ కొసతో చూపించింది.
గొర్రెల కంచె తగాదా నాటి నుంచి
పదకొండేళ్లుగా వాళ్లకి సైగలే భాష.

తాత ఓడకోటు బొత్తాం
బంతి వెనక ఆనించి, రెండు వేళ్లతో ఎత్తాడు.
గ్రీన్ మీదైతే తుడుచుకోవచ్చు.
జానెడు ఇవతల కూడదు.

హెబ్రిడీస్ గాలి. గొర్రెలు తప్ప సాక్షుల్లేరు.
ఉన్ని ప్యాంటు చేతికందేంత దగ్గర,
బొటనవేలికి ఒకటే దురద.
కోడి కిందనుంచి తీసిన గుడ్డులా
దాన్ని గాల్లోనే పట్టుకు నిలబడ్డాడు.
ఆమె తీరిగ్గా కొట్టింది.
గుంట పెదవి దగ్గర ఆగింది.

మళ్లీ అక్కడే, అంత మట్టితోనూ పెట్టాడు.
వంగాడు. గురి చూశాడు. ఊపిరి బిగబట్టాడు.

ఒక దెబ్బ జరిమానా పడేది అతనికి,
ఆమె నోరు మూసుకుంటే చాలు.

"బొత్తాం" అంది ఎఫీ,
సముద్రం వైపు చూస్తూ.
"తియ్యడం మరిచావు."

వాడకంలో లేని తలుపులా
గొంతు కిర్రుమంది.

బొత్తాం జేబులో పడింది.
బంతి మాత్రం
మట్టి చెంప చెప్పిన మాటే విని
గుంట పక్కనుంచి వెళ్లిపోయింది.