ఎంగిలి గొట్టం

షార్జాల పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
పగలు పన్నెండున్నర నుంచి మూడు దాక
ఎండకే డ్యూటీ, మాకు సెలవు.
రేడియేటర్ల షెడ్డు ఎనక
అట్టపెట్టెలు చింపి పరుసుకొని కూసుంటం.

జాదల్లాది సిరియా, సువైదా కొండలు.
గేరుబాక్సు ఇప్పిన చేతులతోనే
చిన్న గాజు గ్లాసుల సగానికి మీద
ఎండాకు పొడి పోస్తడు.
చూస్తే కొట్టంల రాలిన గడ్డినలుసు.
నీళ్లు మసలొద్దు, ఉడుకుడుకుగ ఉండాలె,
ఒక పక్క నుంచే పోయాలె.
మసిలిన నీళ్లకు ఆకు అలుగుతదంట.
అండ్ల ఒక స్టీలు గొట్టం, కొసకు జల్లెడ.
"మత్తె" అంటడు.
మత్తా? అనడిగిన.
కాదు, నిద్రను తరిమేదంట.

చెట్టునైతే ఆయన ఎన్నడు చూడలే.
వాళ్ల తాత ఓడెక్కి అర్జెంటీనా పోయి
బట్టల మూట మోసి, ఊరూరు తిరిగి అమ్మి,
పైసలు తేలేదు గని
ఈ అలవాటు తెచ్చిండు.
ఆ కొండలల్ల ఆ చెట్టు పెరగదు.
ఇప్పటికీ సంచులు సముద్రం దాటే వస్తయి.

"దాని గింజ మొండిది" అన్నడు జాదల్లా.
"మట్టిల ఏస్తే ఊకనే పడుంటది.
పిట్ట మింగాలె, కడుపుల తిప్పాలె, ఇడువాలె,
అప్పుడు లేస్తది మొలక."
తాత చెప్పిన ముచ్చటంట, నిజమో కాదో.
పిట్ట ఎంగిలి చేస్తే తప్ప
పుట్టని చెట్టు.

మొదటి గ్లాసు ఆయనదే.
మొదటి చేదు పోసినోడే తాగాలంట.
గొట్టం గుర్రుమనేదాక పీల్చి,
నిమ్మతొక్కతోని దాని మూతి రుద్ది,
మళ్ల నీళ్లు పోసి
నా దిక్కు చాపిండు.

నా చెయ్యి లేవలే.

మా బస్టాండు కాడ రాజేశం హోటలు.
చూరు కింద మొలకు ఏలాడే సొట్టగ్లాసు మా నాయినది.
పైనుంచి పోసేటోళ్లు, తాకకుంట.
తాగి, కడిగి, బోర్లిచ్చి,
పైసలు గల్లపెట్టె మీద కాదు,
గడప మీద పెట్టి వచ్చేటోడు.
ఆయన ఏలు పట్టుకున్న నేను
చాయ్ అంటేనే
నిలబడి తాగేదనుకునేటోణ్ని.

"తీస్కో" అన్నడు జాదల్లా.
మా రూం పిలగాండ్ల దగ్గర నేర్చిన ఒక్క మాట.

తీసుకున్న.
చేదు.
యాపపుల్ల చేదు కాదు, పొగ చేదు.
కాలిన గడ్డివామి మీద
తెల్లారి చినుకులు పడ్డ వాసన.
మూడో గుక్కకు నాలిక సద్దుకున్నది.

నాలికకేంది, సద్దుకుంటది.
మనసుల ఒక్కటే లెక్క నడుస్తున్నది:
నా తర్వాత తుడుస్తడా?

తుడిచిండు. నిమ్మతొక్కతోని, గట్టిగ.
కడుపుల రాయి పడ్డది.

తర్వాత ఆయన మేనల్లుడు హాయిల్ తాగిండు. తుడిచిండు.
వెల్డింగు చేసే నేపాల్ పిలగాడు దిల్‌మాన్
మూతి వంకరబెట్టి తాగిండు. తుడిచిండు.
తిరిగి తన వంతు వచ్చె.
తన పెదవి తాకిన గొట్టాన్ని గూడ
గట్లనే, అంతే గట్టిగ.

అప్పుడు యాదికొచ్చింది,
నాకిచ్చే ముందు ఆయన తుడిచింది
ఆయన ఎంగిలే.

ఆ రాత్రి మంచం మీద రెప్ప పడలే.
కింద మంచపోడు గురక,
ఏసీ గుడగుడ,
ఆకు నా లోపల కావలి తిరుగుతున్నది.
ఇక్కడ రెండున్నర అంటే అక్కడ నాలుగు,
నాయిన లేచి బీడి ముట్టిచ్చే యాళ్ల.
ఫోన్ చేసి అంత చెప్పిన,
ఆకు, పిట్ట, ఓడెక్కిన తాత,
నలుగురం ఒక్క గొట్టం.

ఉలుకు లేదు, పలుకు లేదు.
బ్యాలెన్సు కరుగుతున్నది.
దగ్గిండు.
చెట్టు ముచ్చట అడగలే,
రుచి ముచ్చట అడగలే.

"మరి తాగినంక
గ్లాసు ఎవలు కడిగిండ్రు, బిడ్డా?"