బుధారం డబ్బ

శుక్రారం పొద్దుగాల మూడింటికే లేస్త.
అందరికి సెలవు గదా, అందుకే లేస్త.
దోహా సనయ్యల మా క్యాంపు,
నలభై రూములకు ఆరు పొయ్యిలు.
తెల్లారితె గంజులు వరుసల నిలవడ్తయి,
వాటి మనుషులు ఎన్క రూముల్ల నిద్రపోతుంటరు.

ఆరు డబ్బలు కడిగి బోర్లిస్త.
మూత మీద తెల్లటేపు, టేపు మీద వారం పేరు.
శనారం, ఐతారం, సోమారం, మంగళారం, బుధారం, బేస్తారం.
నా రాతకు బడిల పంతులు ఏళ్ళ మీద కొట్టేటోడు.
ఈ ఆరు మాటలైతె ఇప్పుడు అచ్చు గుద్దినట్టు వస్తయి.

ఎండకాలం వంటకు వేరే లెక్కుంది.
టమాట వేసిన పప్పు తొమ్మిదింటికే బుడగలు కక్కుతది.
కొబ్బరి ముట్టద్దు, పెరుగు పేరే ఎత్తద్దు.
వేడన్నం మీద మూత పెడితె
చెమట పోసుకొని చెడిపోతది,
పళ్ళెంల పరిచి ఆరనియ్యాలె.
చింతపండు పులుసు నూనె పైకి తేలేదాక కాగాలె.
నూనెకాడ కక్కుర్తి పడ్డోడు
బేస్తారం నాడు ఏడుస్తడు.

పొద్దటికి సర్వపిండి. రెండు రోజులు నిలుస్తది.
కొత్తగొచ్చిన రాజలింగం పక్కన నిలవడి
"బొక్కలెందుకు పెడ్తున్నవన్నా" అన్నడు.
"నూనె దిగనీకి" అన్న.
"ఇన్నేండ్లు తిన్న గని ఎన్నడు సూడలే" అన్నడు,
ఏలు పెట్టి ఒక బొక్క తనే పొడిచి
కాలితె నోట్లె పెట్టుకున్నడు.

ఈ వంట ఇయ్యాల్టి నాకు గాదు.
ఇయ్యాల్టి నేను ఖుబూస్‌ల ఉల్లిగడ్డ చుట్టుకొని తింట.
బుధారం నాడు ఒకడొస్తడు,
మూడో అంతస్తు సెంట్రింగు కింద, నీడ ఉన్న జానెడు జాగల
కాళ్ళు ముడుసుకొని కూసుంటడు.
చేతులు ఎన్నిసార్లు కడిగినా సిమెంటు వాసనే.
ఎవలతోని మాట్లాడబుద్ధి గాదు వానికి.
ఉప్పెక్కువైతె తిట్టనీకి గూడ ఓపికుండదు.
వాని కోసం ఒక పచ్చిమిరపకాయ ఎక్కువేస్త.
అడుగున గుప్పెడు పల్లీలు దాస్త,
ఆఖరి బుక్కల దొరకాలె.
ఇంటికాడ ఉన్నప్పుడు నన్ను నేను
గింతగనం ఎన్నడు అరుసుకోలే.

పోయిన మంగళారం రాత్రి
ఐసు గూడు తెరిస్తె బుధారం లేదు.
బేస్తారం ఉంది. దాని పక్కన డబ్బంత ఖాళీ.
నోటికొచ్చినన్ని తిట్లు తిట్టిన.
రాజలింగం నేపాలోళ్ళు అన్నడు.
దిల్ బహదూర్ నైటు డ్యూటోళ్ళు అన్నడు.
నైటు డ్యూటోళ్ళు అప్పటికే బస్సెక్కిండ్రు.
తెల్లారి పచ్చడి సీసల ఖుబూస్ ముంచుకొని తిన్న,
పదిగంటలకు పని ఆపంగనే
నీడల కూసొని
బస్సొచ్చేదాక నీళ్ళు తాగుకుంట ఉన్న.

మాపటికొచ్చి చూస్తె డబ్బ అక్కడ్నే ఉంది.
కడిగుంది. తుడిచుంది.
మూత సందుల ఎన్నడు పోని పసుపు మరక
సబ్బు పెట్టి తోమిండు ఎవడో.
టేపు మాత్రం పీకలే.
లోపల చిట్టీ లేదు, పైస లేదు, నిమ్మ సబ్బు వాసన తప్ప.
అంటె అడుగున పల్లీల దాక తిన్నట్టే.
గంత సక్కగ కడిగినోన్ని ఎట్ల తిట్టాలె?

ఈ శుక్రారం ఏడు డబ్బలు బోర్లించిన.
ఏడోదానికి టేపు అతికించి
పెన్ను పట్టుకొని జరసేపు నిలవడ్డ.
ఏం రాయలే.
"అన్నా, ఇదెవలికి?" అన్నడు రాజలింగం.
"చింతపండు ఎక్కువ నానింది" అన్న.

ఎవడో నాకు తెల్వద్దు, అడగ గూడ అడగ.
ఉప్పు సరిపోయిందా లేదా,
గదొక్కటి తెలిస్తె బాగుండు.