పదిహేడో సంచి

నేను గాజు కడిగేదాన్ని.
తైయువాన్‌లో, మూడో అంతస్తులో,
పరీక్షనాళికలూ, బొటనవేలంత చదరపు గిన్నెలూ,
మూడుసార్లు కుళాయి నీళ్ళు, మూడుసార్లు శుద్ధజలం.
మచ్చ మిగిలితే వెలుగు అబద్ధమాడుతుందని
మియావో యీనింగ్ మొదటిరోజే చెప్పింది.
ఇరవయ్యేడేళ్ళ పిల్ల. నన్ను పిన్నీ అంటుంది.

ఏడాదిన్నరగా ఒక అణువును సాకుతోంది.
సీసాలో ఉన్నప్పుడు ఎండుమిరప రంగు.
నీళ్ళలో కలిపి ఊదా దీపం కింద పెడితే
ఎర్రగా వెలుగుతూ ఊరుకుంటుంది.
సల్ఫైటు తగిలిందా,
చేతులు పట్టుకు నిలబడ్డ పిల్లల వరుసలో
ఒక్కచోట పట్టు వదిలినట్టే
అంటుంది, నా కోసం వేళ్ళు పెనవేసి, విడదీసి చూపిస్తూ.
ఎరుపు ఆరిపోతుంది. నీలం పుడుతుంది.
ఎంత గంధకమో అంత నీలం.
"మరి ఏమీ లేకపోతే?"
"ఎర్రగానే ఉంటుంది పిన్నీ. దానికి తొందరేం లేదు."

గంధకం నాకు చదువుకోకుండానే తెలుసు.
దాతోంగ్ పక్కన మా పొలంలో
లిల్లీ మొగ్గని విచ్చకముందే తుంచాలి.
విచ్చిందా, సగం ధర.
అందుకని రాత్రి రెండింటికే లేచి
నుదుటికి దీపాలు కట్టుకుని సాళ్ళలోకి దిగేవాళ్ళం,
ఆడవాళ్ళమంతా, మోకాళ్ళదాకా మంచు తడి,
ఎవరి ముఖమూ ఎవరికీ కనిపించేది కాదు,
నుదుళ్ళే మాట్లాడుకునేవి.

ఎండ కాసిన ఏడు ఏ బాధా లేదు.
ముసురు పట్టిన ఏడు
చాప మీది మొగ్గ మూడోనాటికి నల్లబడేది.
నల్లదాన్ని బేరగాడు కాలితో తోసేవాడు, వంగి చూసేవాడు కూడా కాదు.
అప్పుడు మామగారు కొట్టం తలుపులు బిగించి
పెంకులో పసుప్పచ్చని పొడి పోసి అగ్గిపుల్ల గీసేవాడు.
తెల్లారేసరికి మొగ్గలన్నీ బంగారం.
మామగారు ఏడాది పొడవునా దగ్గేవాడు.
చలికి, అనుకునేవాళ్ళం.
వేసవిలో కూడా అదే అనుకునేవాళ్ళం.

మంగళవారం బజారు నుంచి ముప్పై సంచులొచ్చాయి.
పేర్లు లేవు, అంకెలే.
పదిహేడో సంచి మూతికి
జనపనార తాడు, రెండు చుట్లు, లోపలికి మడిచిన కొస.
ఎడమచేతివాటం మనిషి వేసే ముడి.
నా పెళ్ళినాటికి తొమ్మిదేళ్ళవాడు మా మరిది.
ఆ ముడి వాడికి నేర్పింది నేనే.

నోరు విప్పలేదు.
కడుపు చించుకుంటే కాళ్ళమీదే కదా పడేది.
యీనింగ్ మొగ్గల్ని తుంచింది, నానబెట్టింది, వడగట్టింది,
చుక్క వేసి గదిలో దీపం ఆర్పింది.
చీకట్లో ఐదు గిన్నెలు.
మూడు ఎరుపు. ఒకటి వంకాయ రంగు, ఎటూ తేలక.
పదిహేడు, నీలం.
పెంకులో గంధకం మండేటప్పుడు
తలుపు సందులోంచి కనిపించేదే,
అచ్చం ఆ నీలమే.

"ఎంత బాగా వచ్చిందో చూడు!" అని అరిచింది యీనింగ్.
దాని తప్పేముంది, ఏడాదిన్నర.
దాని కళ్ళలో నీళ్ళు. నా కళ్ళలోనూ.
రెండూ ఒకటే అనుకుని నా చేయి పట్టుకుంది.

రాత్రి ఫోన్ చేశాను.
"అక్కడ ముసురా?"
"తొమ్మిది రోజులైంది వదినా."
"కొట్టం వైపు పిల్లాణ్ణి రానివ్వకు."
చాలాసేపు ఏమీ వినబడలేదు.
తర్వాత దగ్గు.
సన్నని దగ్గు. మరిదిది కాదు.

పొద్దున గిన్నెలు కడుగుతూ అడిగాను:
గాలిలో ఎంతుందో చెప్పే అణువు చేయగలవా?
తినే మొగ్గలో కాదు, పీల్చే గాలిలో.
యీనింగ్ కలం ఆపింది.
"చేయొచ్చేమో. ఎక్కడి గాలికి పిన్నీ?"
గిన్నెని కిటికీకి ఎదురుగా పట్టి చూశాను.
మచ్చ లేదు.
ఒక కొట్టం ఉంది, అన్నాను.