ఆరు రూపాయల బాకీ

వన్‌టౌన్‌లో, కాలవ వంతెన దిగగానే
మా ఫ్రేముల కొట్టు.
పెళ్లిఫోటోలు, దేవుళ్లు, పోయినవాళ్లు,
మాకు అందరూ అంగుళాల లెక్కే.

మొన్న బందరు రోడ్డు హోటలాయన
గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు
తుమ్మలవరం రాణి మంగయ్యమ్మారావు గారిని.
కోట వేలంలో కొన్నాడట. మెట్ల దగ్గర తగిలిస్తాడట.
"బంగారు రంగు బద్దెయ్యి కాసిం, రాణీకళ రావాలి."

కళకేం, ఉన్నదే.
సంపెంగ ముక్కు, దించిన కళ్లు,
కాసులపేరు ఒక్కో కాసూ లెక్కపెట్టుకునేట్టు.
ఈ ముఖం మీదే కదా దివాణంలో
దసరాకీ దసరాకీ పద్యాలు చదివి
శాలువాలు పట్టుకుపోయారు కవిగార్లు!
ఆవిడ నవ్వితే కృష్ణలో పడవలు ఆగేవట,
మా తాత చెప్పేవాడు.
చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.
మేనా తెరలు. ఘోషా.

మేకులు పీకాను. అంతా తుప్పు.
గుడ్డ వెనక పెన్సిలు రాత, చిత్రకారుడి పద్దు:
"నగలు అమ్మగారివి.
ముఖమునకు కూర్చున్నది దాసీ వీరాయి. దానికి అణా ఇచ్చితిని."

సుత్తి కింద పెట్టాను.
కుర్రాడు తెచ్చిన టీ చల్లారిపోయింది.

గుడ్డకీ చెక్కకీ మధ్య
బిగువుకోసం దూర్చిన అట్ట ఒకటి.
తిప్పితే ఇంకో ఆవిడ.
స్ఫోటకం మచ్చలు. ముక్కుపుడక లేదు.
చత్వారం కళ్లజోడు కిందికి జారి
దాని పైనుంచి సూటిగా చూస్తోంది,
దొంగలెక్క చెప్పిన గుమాస్తాని చూసినట్టు.
కింద అదే చేతిరాత, ఈసారి వణుకుతూ:
"అమ్మగారు తెర తీయించి, స్వయముగా మూడు పూటలు కూర్చున్నారు.
దివానుగారు ఒప్పలేదు.
రంగులకు ఆరు రూపాయలు బాకీ."

హోటలాయనకి ఫోన్ చేశాను.
"మచ్చలావిడ ఎవరికి కావాలయ్యా?
లోపల అట్టకి పనికొస్తే వాడుకో."
దివానుగారు ఇంకా పోలేదన్నమాట.

వాడుకున్నాను.
ఉన్నచోటే పెట్టాను, వీపుకి వీపు ఆనించి.
కాకపోతే చెక్క తీసేసి
వెనకవైపు కూడా అద్దం బిగించాను.
బిల్లులో ఒక్క అద్దమే రాశాను.

ఇప్పుడు మెట్లెక్కేవాళ్లంతా
వీరాయితో సెల్ఫీలు దిగుతున్నారు, రాణి అనుకుని.
దిగనీ. అణాకి కూర్చున్న పిల్ల.
ఆవిడేమో గోడకేసి చూస్తూ
మళ్లీ ఘోషాలో.

హోటలుకి రంగులు వేయించే రోజు ఒకటి వస్తుంది.
నిచ్చెనెక్కిన కూలీ ఎవడో
పటం దించి
ఇటు తిప్పి పట్టుకుంటాడు.