కొండ అడ్డమొచ్చిందంతే

మా ఊరికి సరస్సు తూర్పున, కొండ పడమర.
అందుకే పొద్దు మాకు తొందరగా వాలుతుంది.
ఐదు కాకుండానే నీడ వచ్చి
పిలవని చుట్టంలా గుమ్మంలో కూర్చుంటుంది.

పెళ్లినాడు మా అత్త
ఒక కొత్త చాప ఇచ్చింది, ఒక పాత గ్రంథం ఇచ్చింది.
చాప మూడేళ్లకే పీలికలైంది.
గ్రంథానికి అప్పటికే అట్ట లేదు.
మొదటి పుటలు చెదలు తిన్నాయి,
ఆరో రోజు సాయంత్రం నుంచి మొదలయ్యేది మా లోకం.

కోపముండగా పొద్దు గుంకకూడదట.
ఆ మాట రాసినాయన ఇల్లూ వాకిలీ ఉన్నవాడు కాదు,
అయినా బెస్తవాళ్ల సంగతి
ఎవరో చెప్పే ఉంటారు.
ఇక్కడ మగాళ్లు పొద్దు గుంకే వేళకే పడవలెక్కుతారు,
దీపాలు కట్టుకుని, ఉసిపా చేపలకు, నడిమి నీళ్లలోకి.
రాజీ పడటానికి మాకు దొరికేది
నీడ గుమ్మం నుంచి పొయ్యి దాకా నడిచేటంత సేపు.
కూరలో ఉప్పు తగువుకైతే చాలు.
ఆడపడుచు అన్న మాటకైతే చాలదు.
నిండు వెన్నెల రోజుల్లో వేట ఉండదు గనక
పోట్లాటకు కాస్త తీరిక.

"ఇంకా గుంకలేదు లుసుంగూ, కొండ అడ్డమొచ్చిందంతే.
గట్టు మీద మేకలవాణ్ణి అడుగు,
వాడి మొహాన ఇంకా ఎండే" అనేవాడు మపోపా,
మొండితనానికో గంట గడువు తెచ్చుకుంటూ.
ఆ గడువు నేనూ వాడుకున్నాను.
అబద్ధమెందుకు.

మట్టి తొక్కి, ఇటుకలు కోసి, బట్టీ పెట్టి
గోడలు లేపాం. పైన గడ్డి.
నాలుగేళ్లు కర్రపెండలం అమ్మి
మంచం కింద పన్నెండు రేకులు దాచాను.
ఒకనాడు ఊడుస్తుంటే చీపురు తొమ్మిదింటికే తగిలింది.

"తమ్ముడి వలకు" అన్నాడు,
నాకు ముందే చెప్పినట్టు.

ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం,
కూర్చోకపోతే వేజీ అడుగుతుందని.
ఏడేళ్ల పిల్ల, కూడబలుక్కుని చదివింది.
ఇద్దరం ఆమేన్ అన్నాం,
చెరో గోడతో.

అన్నం మూట మరిచి వెళ్లాడు.
నేను చూశాను.
చూసి పొయ్యి ఊదుకున్నాను.

చీకటి చిక్కబడ్డాక తట్టింది,
తప్పెవరిదో తేలాక మాట్లాడమని
ఆ వాక్యంలో లేదు.
ముందెవరు మాట్లాడాలో కూడా లేదు.
దానికి పొద్దొక్కటే గుర్తు.

మూట పట్టుకుని రేవుకు పరుగెత్తాను.
నీళ్ల మీద ఊరంత దీపాలు.
ఏ దీపం కింద నా మొగుడున్నాడో
దూరం నుంచి చెప్పలేకపోయాను,
పదకొండేళ్ల కాపురం తర్వాత.
పిలిచాను. మ్వేరా గాలి మాటను తిప్పి
నా మొహానే కొట్టింది.

రాళ్ల మీద కూర్చున్నాను.
ఎంతసేపో తెలీదు.
గుంపులోంచి ఒక దీపం విడివడింది,
దగ్గరకొచ్చే కొద్దీ తెడ్డు చప్పుడైంది.

ఖాళీ పడవ దిగి మోకాళ్ల నీళ్లలో నిలబడ్డాడు.
"గుంకిందా?" అన్నాడు.
"ఎప్పుడో" అన్నాను.
"మేకలవాణ్ణి అడిగావా?"

నవ్వు రాలేదు. మూట ఇచ్చాను.
అక్కడే తిన్నాడు, నించునే.
రేకుల గురించి ఎత్తలేదు.
వారం తర్వాత ఎత్తాం, గట్టిగానే,
వెన్నెల రోజులు వచ్చాయి మరి.

మూడు రేకులు ఇప్పటికీ రాలేదు.
తొలి వానకు కప్పు రెండు చోట్ల కారింది,
మలి వానకు ఐదు చోట్ల.
చాప జరిపాం, పిండి డబ్బా జరిపాం,
వేజీని నిద్రలోనే ఎత్తి జరిపాం.
ఇంట్లో తడవని చోటు ఒక్కటే మిగిలింది,
గ్రంథం పెట్టిన మూల.
దాన్ని ఒళ్లో పెట్టుకుని
మోకాళ్లు ముడుచుకుని ముగ్గురం అక్కడే ఇరుక్కున్నాం.

"చిన్న ఇల్లు" అంది పిల్ల, కళ్లు తెరవకుండా.
"కాళ్లు లోపలికి లాక్కో" అన్నాడు వాళ్ల నాన్న.