చిల్లర

దేవరకొండ డిపోల దొరికింది,
డీజిల్ బంకు ఎనుక, తడిసిన గోనెసంచి మీద.
అప్పటికి నా రిటైర్మెంటుకు ఇంకా నలభై రోజులు.
చిల్లర అని పేరు పెట్టిన.
ఇరవై ఆరేండ్లు జనం నన్ను అడిగింది అదే గదా.

ఇప్పుడు గురువారం గురువారం
సర్కారు దవాఖానల కసరత్తు గదికి పోతం ఇద్దరం.
పట్నం నుంచొచ్చిన ఒకాయన మూడు నెలలు నేర్పిండు దానికి:
కర్ర కిందపడ్డా బెదరొద్దు,
చెవు గుంజినా మొరగొద్దు,
ఎవరి చేతిల బిస్కట్టూ గుంజుకోవద్దు.
మూడోది ఇంకా రాలే.

ఊరూరికి నల్లా నీళ్లొచ్చినయ్.
ఈ గదిల కూసున్నోళ్ల బొక్కలల్ల మాత్రం
పాత బోరింగు నీళ్లే ఉన్నయ్.

తండా నుంచి జమ్లి వస్తది. తొమ్మిదేండ్లు.
పుట్టినకాడికెంచి కుడిచెయ్యి పిడికిలే.
"పదిసార్లు తెరువు బిడ్డా" అంటది సిస్టరు.
ఒక్కసారి గూడ తెరువది.
చిల్లర పోయి ఆ పిడికిలి ముందల కూసుంటది.
కూసోని ఆవులిస్తది.
అంతే, ఇంకేం చెయ్యది.
నాలుగో గురువారం చూపుడువేలు లేచింది,
దానెంబడి నడిమివేలు.
"కుతరా" అన్నది జమ్లి, నవ్వకుండనే,
మూతి మీది తెల్లమచ్చను గోకుకుంట.
సిస్టరు కాయితం మీద "రెండు" అని రాసుకున్నది.

నారోజు బిక్షమాచారి నన్ను చూడంగనే పట్టిండు.
"మర్రిగూడ బస్సు, పొద్దుగాల ఏడింటిది. నువ్వే గదా?"
నేనే.
"జల్ది ఎక్కు తాతా, నీ ఒక్కని కోసం బండి ఆగుతదా
అని ఒర్లేటిదానివి."
నేనే ఒర్లేదాన్ని.
ఆ వంగిన నడుముకు
మెట్టుకూ మెట్టుకూ నడుమ ఎంత దూరమో
అప్పుడు నేను చూడలే. సీటీ నోట్లనే ఉండె.
"రెండు రూపాలు బాకీ గూడ ఉన్నవు,
టికెట్ ఎనుక రాసిచ్చినవు."
నేను పర్సు దేవులాడుతున్న.
ఆయన చెయ్యి ఎత్తబోయిండు, అది లేవలే.
చిల్లరే తలకాయ వంచి ఆ చేతి కిందికి దూరింది.
ఉలి పట్టిన చెయ్యి.
చెక్క నునుపు చూసినట్టు
నొసలు నుంచి మెడ దాంక మెల్లగ రాసిండు.
"టేకు గాదు, ఏపకర్ర" అన్నడు.
మళ్లొకసారి రాసిండు.
"ఇగ పర్సు మూసెయ్యి."

ఏమిస్తరే నీకు, అంటది మా వాడకట్టు యాదమ్మ.
చాయ్ ఇస్తరు, సగం గ్లాసు.
బండి నిండ తలకాయలు లెక్కబెట్టినదాన్ని,
మొఖాలు ఇప్పుడిప్పుడే చూస్తున్న, అని చెప్పబోయి
చెప్పలే. చాయ్ మంచిగుంటది అన్న.

తిరుగుబస్సుల కొత్త కండక్టరు పిల్ల:
"మీకు ఫ్రీ మేడం. కుక్కకు టికెట్ తియ్యాలె."
"ఆడోళ్లకు ఫ్రీ అంటిరి. ఇది గూడ ఆడదే" అన్న.
పిల్ల నవ్వింది. నవ్వుకుంటనే టికెట్ కొట్టింది.
నేనైనా కొడుదు.

కిటికీ కాడి జాగ దానిదే.
ఖిల్లా గుట్ట దాటేదాంక మూతి బయటపెట్టి గాలి తిన్నది.
నా అరచేతుల ఇంకా బిస్కట్టు పొడి,
జమ్లి బిస్కట్టుది.