మొదటి ట్రిప్పు

నాలుగూ యాభైకి ఉదయగిరి డిపో గేటు దాటుతాం.
లోపల పదకొండు మంది, రెండు గంపల నిమ్మకాయలు,
ఒక పొట్టేలు. దానికి అర టిక్కెట్టు కాదు, లగేజీ.
ఊరు దాటేలోపే టిక్కెట్లు కొట్టడం అయిపోతుంది.
ఆ తర్వాత నా ఒళ్లో
ఎస్సార్ కాగితం కింద దాచిన నలభై పేజీల నోటుబుక్కు.

స్టేజీ, టైము, పిట్ట, ఎన్ని.
నాలుగు గడులు. గీతలు నేనే కొట్టుకున్నా,
పాత టిక్కెట్ల అట్టని స్కేలుగా పెట్టి.

వింజమూరు దాటాకే వెలుగు.
పదిహేడో స్టేజీ, కరెంటు తీగ: పాలపిట్ట, ఒకటి.
పంతొమ్మిది, ఎండిన కుంట: తీతువులు రెండు.
బండిని తిట్టాయి. రోజూ తిడతాయి.
ఇరవై రెండు, జామాయిల్ తోట: ఏమీ లేదు.
జామాయిల్లో ఎప్పుడూ ఏమీ ఉండదు, అయినా రాస్తా.
సున్నా వెయ్యకపోతే
అక్కడ పిట్ట లేదో, నేను కునికానో
ఎవరికి తెలుస్తుంది?

కిటికీలోంచి పిట్టంటే రెప్పపాటు.
తోక ముందు కనిపిస్తుంది, పేరు వెనకాల వస్తుంది,
ఒక్కోసారి రాదు.
రానివాటికి ప్రశ్న గుర్తు.
మొదటి నెల పేజీలు చూస్తే
చేప పడని గాలాలు వరసగా వేలాడుతుంటాయి.

పేర్ల గొడవ వేరే.
నల్లగా, తోక చీలి, గేదె మీద సవారీ చేసేదాన్ని
మా అమ్మగారి ఊళ్లో ఏట్రింత అంటాం.
కలిగిరిలో ఎక్కే మేకల ఓబులేసు
నా భుజం మీంచి తొంగిచూసి
"ఏట్రింతేందక్కా, పసుల పోలిగాడైతే!" అన్నాడు.
రెండు స్టేజీలు పోయాక
కూరగాయల హజరతమ్మ ఇద్దర్నీ కొట్టేసింది.
"నల్లంచి గదా."
ఛార్జీలాగే పేరు కూడా
స్టేజీ స్టేజీకీ మారుతుందని
అప్పుడు ఐదో గడి గీశా: వీళ్లేమంటారు.
ఇప్పుడు అదే ఎక్కువ నిండుతోంది.

డ్రైవరు కరీముల్లా ఏమీ అడగడు.
నీళ్లున్న మడుగు దగ్గర మాత్రం గేరు తగ్గిస్తాడు,
తగ్గించనట్టే ముందుకి చూస్తూ.

మార్చి పద్దెనిమిది.
ఆరో స్టేజీకి ముందు, పాడుబడ్డ బ్యారన్ల మలుపు.
తారు ఇంకా పగటి వేడిని వదల్లేదు.
లైట్ల వెలుగులో రెండు నిప్పురవ్వలు,
నేలకి బెత్తెడు ఎత్తున.
"ఏందది" అనేలోపు బండి కింద చిన్న చప్పుడు.
చప్పుడు కూడా కాదు,
మెట్టు దిగేటప్పుడు చెప్పు జారినంత.

కరీముల్లా ఆపాడు. ఇద్దరం దిగాం.
సెల్లు లైటులో
ఎండుటాకులు కుట్టి చేసినట్టున్న ఒళ్లు,
నోటి పక్క మీసాలు, రెక్క మీద తెల్ల మచ్చ.
కప్పపిట్ట.
గచ్చు మీద గులకరాయి దొర్లినట్టు
దాని కూత చిన్నప్పట్నుంచీ విన్నా,
మనిషిని చూసినట్టు చూడడం ఇదే.
అరచేతిలో వెచ్చగా ఉంది.
ఆ వెచ్చన దానిదో, రోడ్డుదో.

బస్సెక్కి నోటుబుక్కు తీశా.
స్టేజీ ఆరు. ఐదూ ఇరవై. కప్పపిట్ట.
ఎన్ని అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
ఒకటంటే ఉన్నట్టు.
సున్నా అంటే నేను చూడనట్టు.
వెనక సీట్లోంచి "లేటవతాందమ్మా" అన్నారెవరో.
ఒకటి వేశా. పక్కన మా బండి నంబరు వేశా.

అప్పట్నుంచి ఆ మలుపులో
బండి మనిషి నడకన పోతుంది.
కరీముల్లా లైట్లు దించుతాడు, హారన్ ఒకసారి, చిన్నగా.
నిప్పురవ్వలు లేచి కందిచేలో పడతాయి.
రెండు. మొన్న మూడు.
వింజమూరుకి నాలుగు నిమిషాలు లేటు.

డిపోలో మెమో ఇచ్చారు, కారణం రాయమన్నారు.
"పశువులు అడ్డం వచ్చినవి" అని రాశా.
రోజూ అదే మలుపులోనా అని అడిగి
జవాబు వినకుండానే ముద్ర కొట్టాడు క్లర్కు.

ఆ వరసలో ఐదో గడి మాత్రం ఖాళీ.
ఆ చీకట్లో ఎక్కేవాళ్లు నిద్రలో ఉంటారు.
ఓబులేసు వాళ్ల తాతకి తెలుసంట.
శనివారం సంతకి మేకల్తో పాటు
ఎక్కిస్తానన్నాడు.